బ్యాటిల్‌షిప్‌ల కాలం చెల్లిందని తెలిసిన అడ్మిరల్

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే గానీ భయం కోస్తా అంతా పాకింది. అంతకు నెల ముందే రంగం, అంటే రంగూన్, జపాన్ సైన్యానికి చిక్కింది. కూలికీ వ్యాపారానికీ అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివస్తున్నారు. మార్చి 23న అండమాన్ దీవులు కూడా పోయాయి. ఇక జపాన్ వాళ్లు మన ఒడ్డున దిగుతారన్న వదంతితో విశాఖ, కాకినాడల్లోనే కాదు, మద్రాసులోనూ జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు తరలిపోయారు.

అప్పటికి హిందూ మహాసముద్రాన్ని కాపాడాల్సిన బ్రిటన్ తూర్పు నౌకాదళంలో 5 బ్యాటిల్‌షిప్‌లున్నాయి. ఒక్కొక్కటీ 15 అంగుళాల ఫిరంగులు మోసే ఉక్కు కోట. వాటిలో ఒక్కటీ బంగాళాఖాతంలోకి రాలేదు. విశాఖ మీదికి వచ్చిన విమానాలు మాత్రం ర్యూజో అనే చిన్నపాటి విమానవాహక నౌక మీద నుంచి ఎగిరాయి. కోటలు దూరంగా ఉండిపోయాయి, ఆ చిన్న నౌక తీరం దాకా వచ్చి వెళ్లింది. సముద్రం మీద బలం అనే మాటకు అర్థం మారిపోయిందని మన తీరం ఆ రోజు కళ్లారా చూసింది.

ఆ మార్పును చాలామంది కంటే ముందే పసిగట్టిన వ్యక్తి అప్పట్లో జపాన్ సంయుక్త నౌకాదళానికి అధిపతి. ఆయన పేరు ఇసొరోకు యమమోటో. పెర్ల్ హార్బర్ దాడికి సూత్రధారిగా ప్రపంచం ఆయన్ని గుర్తుపెట్టుకుంది. అయితే ఆ దాడి కంటే ఆయన జీవితమే మనకు ఎక్కువ చెబుతుంది. బ్యాటిల్‌షిప్‌ల కాలం చెల్లిందని ఆయనకు తెలుసు. అమెరికాతో యుద్ధం గెలవలేమనీ తెలుసు. అయినా ప్రపంచంలోకెల్లా పెద్ద బ్యాటిల్‌షిప్‌ మీద కూర్చుని ఆ యుద్ధాన్నే నడిపించారు.

ఓడిన సంస్థానంలో పుట్టుక

యమమోటో 1884 ఏప్రిల్ 4న ఉత్తర జపాన్‌లోని నాగవొకా పట్టణంలో తకానో కుటుంబంలో పుట్టారు. తండ్రి పాతకాలపు సమురాయ్, బడి పంతులు. కొడుకు పుట్టేనాటికి ఆయన వయసు 56. జపాన్ భాషలో 56 అంకెను పాత పద్ధతిలో పలికితే ఇసొరోకు. అదే బిడ్డ పేరయింది.

నాగవొకా ఓడిపోయిన సంస్థానం. 1868 అంతర్యుద్ధంలో అది చక్రవర్తి పక్షానికి ఎదురునిలిచి చితికిపోయింది. గెలిచిన సంస్థానాల వాళ్లకే కొత్త ప్రభుత్వంలో పెద్దపీట. ఓడిన చోటి పిల్లలకు చదువూ సైనిక కొలువూ తప్ప పైకి వచ్చే దారి లేదు. 1901లో ఇసొరోకు ఎటజిమా నౌకాదళ అకాడమీలో చేరి 1904లో బయటికి వచ్చారు. అప్పటికే రష్యాతో యుద్ధం మొదలైంది. తర్వాత కాలంలో, 1916లో, మగ సంతానం లేక వంశం నిలిచిపోయిన యమమోటో కుటుంబానికి ఆయన దత్తు వెళ్లారు. అదీ నాగవొకా సమురాయ్ కుటుంబమే. మనం ఎరిగిన పేరు అలా వచ్చింది.

సుషిమా వదిలిన జ్ఞాపకం

1905 మే 27, 28 తేదీల్లో సుషిమా జలసంధిలో జరిగిన పోరు ఇరవయ్యో శతాబ్దపు నౌకాయుద్ధ చరిత్రకు తొలి మలుపు. బాల్టిక్ సముద్రం నుంచి సగం ప్రపంచం చుట్టి వచ్చిన రష్యా నౌకాదళాన్ని అడ్మిరల్ టోగో ఒకటిన్నర రోజులో తుడిచిపెట్టారు. రష్యా బ్యాటిల్‌షిప్‌లు కొన్ని మునిగాయి, మిగిలినవి లొంగిపోయాయి. జపాన్ పోగొట్టుకున్నవి మూడు టార్పెడో పడవలు. ఒక ఆసియా దేశం యూరపు సామ్రాజ్యాన్ని ఓడించిందన్న వార్త కలకత్తా నుంచి కైరో దాకా వలస పాలనలో ఉన్న వాళ్లందరినీ కదిలించింది.

ఆ పోరులో నిషిన్ అనే క్రూయిజర్ మీద 21 ఏళ్ల ఇసొరోకు ఉన్నారు. పేలుడులో ఆయన ఎడమచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఇంకో వేలు పోయి ఉంటే నౌకాదళం నుంచి పంపించేసేవారని చెబుతారు.

సుషిమా విజయం జపాన్ నౌకాదళానికి వరమూ అయింది, శాపమూ అయింది. శత్రువు దూరం నుంచి వస్తాడు, దారిలో జలాంతర్గాములూ డిస్ట్రాయర్లూ అతణ్ణి కొంత కొంతగా నలుపుతాయి, చివరికి జపాన్ దగ్గరి సముద్రంలో బ్యాటిల్‌షిప్‌లు ఎదురెదురుగా నిలిచి ఒక్క పోరులో తేల్చుకుంటాయి. ఈ కథే తర్వాతి 35 ఏళ్లు వాళ్ల పాఠ్యపుస్తకం. శత్రువు పేరు మాత్రం రష్యా నుంచి అమెరికాకు మారింది.

ప్రపంచమంతా అదే పిచ్చి. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్‌ను దించింది. పది 12 అంగుళాల ఫిరంగులు, ఆవిరి టర్బైన్లు, 21 నాట్ల వేగం. దాంతో అంతకు ముందు కట్టిన బ్యాటిల్‌షిప్‌లన్నీ ఒక్క రోజులో పాతబడ్డాయి. ఓ దేశం ఎన్ని డ్రెడ్‌నాట్‌లు కడితే అంత గొప్ప. అంత ఖర్చు పెట్టి కట్టినవి 1916లో జట్‌లాండ్ దగ్గర తలపడితే యుద్ధాన్ని తేల్చే ఫలితం రాలేదు. జర్మనీ ఆ తర్వాత బ్రిటన్ గొంతు నొక్కడానికి నమ్ముకున్నది జలాంతర్గాములను. ఆ పాఠాన్ని చదివిన వాళ్లు తక్కువ.

టెక్సస్ చమురు, డెట్రాయిట్ కార్లు

1919లో నౌకాదళం యమమోటోను అమెరికా పంపింది. హార్వర్డ్‌లో రెండేళ్లు ఇంగ్లిష్ చదువు పేరు మీద ఉన్నారు గానీ, ఆయన ఆసక్తి అంతా చమురు మీద. సెలవు దొరికితే చమురు బావులు చూడటానికి వెళ్లేవారు, సొంత ఖర్చుతో మెక్సికో దాకా పోయి వచ్చారు. 1926 నుంచి 1928 వరకు వాషింగ్టన్ రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశారు. మద్యం ముట్టని ఈ మనిషికి పేకాట, బ్రిడ్జి, పందేలు ప్రాణం. ఎదుటివాడి చేతిలో ఏ ముక్కలున్నాయో లెక్క వేయడం ఆయనకు ఆట మాత్రమే కాదు.

అమెరికా చేతిలోని ముక్కలను ఆయన దగ్గరగా చూశారు. డెట్రాయిట్ కార్ల కర్మాగారాలు, టెక్సస్ చమురు క్షేత్రాలు చూసినవాడెవడూ ఆ దేశంతో ఓడల పోటీకి దిగడని ఆయన అభిప్రాయం. యుద్ధాన్ని ధైర్యసాహసాల కొలతగా చూసే తోటి అధికారులకు ఈ మాట రుచించేది కాదు. ఆయన లెక్క ఉక్కు టన్నుల్లో, చమురు పీపాల్లో నడిచేది.

ఓడల మీది పైకప్పు

1922 వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల విషయంలో అమెరికా, బ్రిటన్, జపాన్‌లకు 5:5:3 నిష్పత్తి పెట్టింది. మొదటి రెండింటికీ 5 లక్షల 25 వేల టన్నులు, జపాన్‌కు 3 లక్షల 15 వేలు. జపాన్ నౌకాదళంలో ఒక వర్గం దీన్ని జాతికి జరిగిన అవమానంగా తీసుకుంది. ఒప్పందం లేకపోతే అమెరికా 5కి 3 కాదు, ఇంకా ఎన్నో రెట్లు కట్టగలదు కాబట్టి ఆ నిష్పత్తి బిగించింది అమెరికా చేతులనే అని యమమోటో వాదించేవారు. 1930లోనూ, 1934లోనూ లండన్ చర్చలకు వెళ్లిన బృందాల్లో ఆయన ఉన్నారు. 1934 డిసెంబరులో జపాన్ వాషింగ్టన్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసు ఇచ్చింది. 1936 ముగిసేసరికి ఆ కట్టుబాటు పోయింది.

ఒప్పందం వల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. సగంలో ఆగిన పెద్ద ఓడలను పారేయలేక వాటిని విమానవాహక నౌకలుగా మార్చారు. అకాగి, కాగా అలా పుట్టాయి. తర్వాత పెర్ల్ హార్బర్‌కు వెళ్లినవి ఇవే. 1924లో కసుమిగవురా విమాన శిక్షణ కేంద్రంలో ఉప అధికారిగా చేరినప్పటి నుంచి యమమోటో దృష్టి విమానం మీద పడింది. 1928లో అకాగికి కెప్టెన్ అయ్యారు. ఆ తర్వాత నౌకాదళ విమాన విభాగంలో సాంకేతిక శాఖనూ, 1935 నుంచి మొత్తం విభాగాన్నీ చూశారు. సముద్రం మీద వందల మైళ్లు పోయి టార్పెడో వేసి తిరిగి రాగల రెండింజన్ల బాంబరు కావాలని పట్టుబట్టింది ఆయనే.

ఈ చరిత్రకు రెండో వైపు కూడా ఉంది. ఆయన ప్రోత్సహించిన ఆ బాంబర్లే 1937 ఆగస్టులో సముద్రం దాటి నాన్‌జింగ్ మీద బాంబులు వేశాయి. తర్వాత ఏళ్ల తరబడి చోంగ్‌చింగ్ పౌరుల మీదా వేశాయి. యమమోటో శాంతిదూత కాదు. పనికిరాని యుద్ధాన్ని వద్దన్న వృత్తి సైనికుడు, అంతే.

పామూ చీమలూ

ఒప్పందాల పీడ విరగడైందని నౌకాదళ జనరల్ స్టాఫ్ ప్రపంచం ఎరగని బ్యాటిల్‌షిప్‌లు కట్టాలని నిర్ణయించింది. అమెరికా ఓడలు పనామా కాలువలో పట్టాలి కాబట్టి అవి ఒక పరిమాణం దాటవు. జపాన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఒక్కో ఓడ బలంలో మించిపోతే సంఖ్యలో వెనకబడినా ఫరవాలేదన్నది వాళ్ల లెక్క. కాగితం మీద చక్కని లెక్కే.

యమాటో నిర్మాణం 1937 నవంబరులో కురె రేవులో మొదలైంది. పొడవు 263 మీటర్లు, నిండు బరువుతో 72 వేల టన్నులు. తొమ్మిది 46 సెంటీమీటర్ల ఫిరంగులు. ఒక్కో గుండు బరువు దాదాపు టన్నున్నర, అది 40 కిలోమీటర్లు దాటి పడుతుంది. శత్రువు కంట పడకుండా రేవు చుట్టూ తెరలు కట్టి కట్టారు.

యమమోటో దీన్ని గట్టిగా ఎదిరించారు. ఫిరంగి 40 కిలోమీటర్లు కొడితే విమానం 300 కిలోమీటర్లు పోయి కొడుతుంది. మునగని ఓడంటూ లేదు, తగినన్ని టార్పెడోలు తగిలితే ఏదైనా మునుగుతుంది. ఒక్క యమాటో ఖర్చుతో వందల విమానాలు వస్తాయి. ఎంత బలమైన పామైనా చీమల దండుకు చిక్కితే చస్తుందన్న పోలికను ఆయన వాడారు. శతక పద్యాలు చదివి పెరిగిన తెలుగువాళ్లకు ఆ పోలిక కొత్త కాదు. ఆ వాదంలో ఆయన ఓడిపోయారు. యమాటో, దాని తోడు ముసాషి తయారయ్యాయి.

ప్రాణం దక్కించిన బదిలీ

1936 డిసెంబరులో యమమోటో నౌకాదళ ఉప మంత్రి అయ్యారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సైన్యంలోని యువ అధికారులు తిరగబడి, ప్రధానిగా పనిచేసిన అడ్మిరల్ సైతోతో సహా పలువురు పెద్దలను చంపేశారు. అలాంటి రోజుల్లో జర్మనీ, ఇటలీలతో పొత్తు వద్దని మంత్రి యొనాయ్, అధికారి ఇనోవుయెలతో కలిసి ఆయన బహిరంగంగా అడ్డుపడ్డారు. జర్మనీతో చేతులు కలిపితే అమెరికాతో యుద్ధం తప్పదన్నది వాళ్ల భయం. 1937 డిసెంబరులో నాన్‌జింగ్ దగ్గర జపాన్ విమానాలు అమెరికా గస్తీ పడవ పనాయ్‌ను ముంచినప్పుడు ఆయన అమెరికా రాయబారికి క్షమాపణ చెప్పారు. జాతీయవాద ముఠాల దృష్టిలో ఆయన ద్రోహి. చంపుతామన్న బెదిరింపు లేఖలు రోజూ వచ్చేవి.

1939 ఆగస్టు 30న యొనాయ్ ఆయన్ని సంయుక్త నౌకాదళ అధిపతిగా సముద్రం మీదికి పంపారు. టోక్యోలో ఉంటే చంపేస్తారు, ఓడ మీదైతే బతుకుతాడు అన్నది ఆ బదిలీ వెనకున్న ఆలోచన. ఫలితంగా యుద్ధం వద్దన్న మనిషి చేతికే యుద్ధం చేసే ఆయుధం వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1940 సెప్టెంబరు 27న, త్రైపాక్షిక ఒప్పందం కుదిరిపోయింది. పోరు వస్తే మొదటి ఆరు నెలలో ఏడాదో విజృంభించగలను గానీ రెండో మూడో ఏడు వస్తే భరోసా ఇవ్వలేనని ఆయన ప్రధాని కొనోయెకు స్పష్టంగా చెప్పారు. వినాల్సిన వాళ్లు అందులో మొదటి సగమే విన్నారు.

మరో మాటకూ ఇదే గతి పట్టింది. అమెరికాను లొంగదీయాలంటే శ్వేతసౌధం దాకా నడిచి వెళ్లాలి, అందుకు మన నాయకులు సిద్ధమేనా అని 1941 జనవరిలో ఒక జాతీయవాదికి ఆయన ఎత్తిపొడుపుగా రాశారు. ప్రచార విభాగం ఆ హెచ్చరిక తోక కత్తిరించి దాన్ని ప్రగల్భంగా మార్చింది. అమెరికన్లు ఆ ప్రగల్భాన్నే నమ్మి ఆయన్ని రాక్షసుడిగా చూశారు.

గెలుపు లేని పందెం

1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాను ఆక్రమించింది. అమెరికా చమురు ఆపేసింది. జపాన్ చమురులో నూటికి 80 వంతులు అక్కడి నుంచే వచ్చేది. నిల్వలు రెండేళ్లకు మించి రావు. వెనక్కి తగ్గడమా, ఈస్టిండీస్ చమురు బావులను లాక్కోవడమా? సైన్యం రెండోదాన్నే ఎంచుకుంది.

యుద్ధం తప్పదంటే సుషిమా పాఠం ప్రకారం అమెరికా నౌకాదళం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఆత్మహత్య అని యమమోటో భావించారు. మొదటి రోజే దాన్ని దాని రేవులోనే కొట్టాలి. 1940 నవంబరులో బ్రిటిష్ విమానాలు 21 మాత్రమే వెళ్లి ఇటలీలోని టరాంటో రేవులో మూడు బ్యాటిల్‌షిప్‌లను దెబ్బతీశాయి. పెర్ల్ హార్బర్ లోతు 12 మీటర్లే కాబట్టి మామూలు టార్పెడో బురదలో కూరుకుపోతుంది. చెక్క రెక్కలు అమర్చి ఆ చిక్కు విడదీశారు. జనరల్ స్టాఫ్ ఒప్పుకోకపోతే రాజీనామా చేస్తానని బెదిరించి ఆమోదం సంపాదించారు. యమాటో కట్టడాన్ని ఆపడానికి గానీ, యుద్ధాన్ని ఆపడానికి గానీ ఈ బెదిరింపు ఆయన వాడలేదు. ఆయన జీవితాన్ని చదివేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది.

1941 డిసెంబరు 7న ఆరు విమానవాహక నౌకల నుంచి 353 విమానాలు రెండు విడతలుగా పెర్ల్ హార్బర్ మీద పడ్డాయి. నాలుగు బ్యాటిల్‌షిప్‌లు మునిగాయి. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు, అందులో 1,177 మంది ఒక్క ఆరిజోనా మీది వాళ్లే. జపాన్ 29 విమానాలు పోగొట్టుకుంది. సంప్రదింపులు తెంచుకుంటున్నామన్న పత్రం వాషింగ్టన్‌లో చేతికిచ్చింది దాడి మొదలయ్యాక గంట దాటిన తర్వాత. అమెరికా ఆగ్రహానికి అంతు లేకపోయింది. ఒక్క దెబ్బతో ఆ దేశం దిగాలుపడి రాజీకి వస్తుందన్న ఆశ అక్కడే చచ్చిపోయింది.

ఆ రోజు అమెరికా విమానవాహక నౌకలు రేవులో లేవు. చమురు ట్యాంకులనూ మరమ్మతు రేవులనూ ఎవరూ ముట్టుకోలేదు. దెబ్బతిన్న 8 బ్యాటిల్‌షిప్‌లలో 6 తర్వాత బాగై పోరుకు వచ్చాయి. అంటే జపాన్ కొట్టింది అప్పటికే ప్రాధాన్యం తగ్గిన ఆయుధాన్ని. బ్యాటిల్‌షిప్‌లు లేని అమెరికా విమానవాహక నౌకల మీదే ఆధారపడక తప్పలేదు.

బంగాళాఖాతం దాకా

మూడు రోజులకు, డిసెంబరు 10న, మలయా తీరం దగ్గర సందేహం పూర్తిగా తీరింది. బ్రిటన్ కొత్త బ్యాటిల్‌షిప్‌ ప్రిన్స్ ఆఫ్ వేల్స్, పాత బ్యాటిల్‌ క్రూయిజర్ రిపల్స్ విమానాల అండ లేకుండా సింగపూర్ నుంచి బయల్దేరాయి. ఇండోచైనా నుంచి ఎగిరిన జపాన్ బాంబర్లు మధ్యాహ్నానికి రెంటినీ ముంచేశాయి. 840 మంది చనిపోయారు. సముద్రం మీద కదులుతూ ఎదురు కాల్పులు జరుపుతున్న పెద్ద యుద్ధనౌకలను విమానాలే ముంచడం అదే మొదటిసారి. ఒకటే మునుగుతుందని యమమోటో, రెండూ మునుగుతాయని ఆయన దగ్గరి అధికారి పందెం కాశారు. ఓడింది యమమోటో. తన ఆయుధం బలాన్ని ఆయనే తక్కువ అంచనా వేశారు.

1942 ఏప్రిల్లో నగుమో నాయకత్వంలో ఐదు విమానవాహక నౌకలు హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. 5న కొలంబో మీద దాడి జరిగింది. అదే రోజు డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే బ్రిటిష్ క్రూయిజర్లు నిమిషాల్లో మునిగాయి. 9న ట్రింకోమలీ మీద దాడి, విమానవాహక నౌక హెర్మిస్ మునక. ఈలోగా ఒజావా దళం ర్యూజోతోనూ క్రూయిజర్లతోనూ బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. విశాఖ, కాకినాడల మీద బాంబులు ఈ దళానివే. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించింది. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ తన పాత బ్యాటిల్‌షిప్‌లు నాలుగింటినీ ఆఫ్రికా తూర్పు తీరంలోని కిలిండినికి పంపేశారు. అవి ఎదురుపడితే మునగడం తప్ప చేయగలిగింది లేదని ఆయనకు అర్థమైంది. తీరంలో ఉన్న జనానికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

నిజానికి జపాన్‌కు మన తీరంలో దిగే ఆలోచన అప్పట్లో లేదు. వచ్చిన పని అయ్యాక ఆ దళం వెళ్లిపోయింది. బ్రిటిష్ సామ్రాజ్యం తన తీరాన్ని తాను కాపాడుకోలేదన్న సంగతి మాత్రం ఊరూరా తెలిసిపోయింది. నాలుగు నెలలకు క్విట్ ఇండియా మొదలయ్యేనాటికి జనంలో ఆ నమ్మకం పోయి ఉంది.

మిడ్‌వే

1942 ఏప్రిల్ 18న 16 అమెరికా బాంబర్లు టోక్యో, మరికొన్ని నగరాల మీద దాడి చేశాయి. నష్టం కొంచెమే, కానీ చక్రవర్తి ఉన్న ఊరి మీద బాంబులు పడ్డాయి. అమెరికా విమానవాహక నౌకలను బయటికి రప్పించి తేల్చేయాలని యమమోటో మిడ్‌వే దీవిని ఎరగా ఎంచుకున్నారు.

ఆ ప్రణాళికలో సుషిమా దయ్యం మళ్లీ తొంగిచూసింది. విమానవాహక నౌకలు ముందు వెళ్లి కొట్టాలి, మిగిలిన శత్రువును వెనక వచ్చే బ్యాటిల్‌షిప్‌లు ముగించాలి. దళాన్ని నాలుగైదు ముక్కలు చేసి, కొంత ఉత్తరాన అల్యూషన్ దీవులకు పంపారు. తాను యమాటో మీద నగుమోకు వందల మైళ్లు వెనక ఉన్నారు. రేడియో నిశ్శబ్దం పాటించాలి కాబట్టి తనకు తెలిసింది ముందున్న వాళ్లకు చెప్పలేరు. ముందుగా యమాటో మీదే జరిపిన నమూనా యుద్ధంలో జపాన్ విమానవాహక నౌకలు మునిగినట్టు తేలితే, యమమోటో ప్రధాన సహాయకుడు ఉగాకి ఆ ఫలితాన్ని కొట్టేసి మునిగిన ఓడలను మళ్లీ తేలించారు.

అమెరికన్లు జపాన్ సంకేత భాషను ఛేదించి ముందే కాచుకుని ఉన్నారు. జూన్ 4 ఉదయం కొద్ది నిమిషాల్లో అకాగి, కాగా, సోర్యు మంటల్లో చిక్కుకున్నాయి. సాయంత్రానికి హిర్యు. దాదాపు 3 వేల మంది చనిపోయారు. అమెరికా పోగొట్టుకున్న విమానవాహక నౌక యార్క్‌టౌన్ ఒక్కటే. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిరంగులున్న ఓడ ఒక్క గుండు కూడా పేల్చకుండా వెనక్కి తిరిగింది. ప్రభుత్వం ఓటమిని దాచింది. గాయపడిన నావికులను ఎవరితో మాట్లాడనీయకుండా ఆస్పత్రుల్లో విడిగా ఉంచింది.

హోటల్ యమాటో

1942 ఆగస్టులో గ్వాడల్‌కెనాల్ పోరు మొదలైంది. ఆరు నెలలు ఓడలూ విమానాలూ శిక్షణ పొందిన పైలట్లూ కరిగిపోయారు. యమాటో మాత్రం ట్రుక్ దీవుల్లో లంగరు వేసి ఉంది. చల్లగా ఉండే గదులూ మంచి భోజనమూ ఉన్న ఆ ఓడకు నావికులు హోటల్ యమాటో అని పేరు పెట్టారు. కదిలితే చమురు తాగుతుంది, పోతే పరువు పోతుంది. అందుకే కదలలేదు.

బ్యాటిల్‌షిప్‌లు పూర్తిగా పనికిరానివైపోయాయని కూడా అనలేం. అక్టోబరులో కొంగో, హరునా రాత్రివేళ వచ్చి గ్వాడల్‌కెనాల్ విమానాశ్రయాన్ని ఫిరంగులతో ఛిద్రం చేశాయి. నవంబరులో చీకట్లో అమెరికా బ్యాటిల్‌షిప్‌ వాషింగ్టన్ రాడార్ సాయంతో కిరిషిమాను ముంచింది. తీరాన్ని కొట్టడానికీ, విమానవాహక నౌకలకు కాపలా కాయడానికీ అవి చివరిదాకా ఉపయోగపడ్డాయి. ఒకప్పుడు రాణిలా మధ్యలో నిలిచిన ఓడ ఇప్పుడు అంగరక్షకురాలైంది. ఆ కొత్త పనికి అమెరికా ఒప్పుకుంది. జపాన్ తన రెండు పెద్ద ఓడలను రాణులుగానే ఉంచుకుంది.

చివరి ప్రయాణం

1943 ఏప్రిల్లో సైనికులకు ధైర్యం చెప్పడానికి యమమోటో ముందు వరుస స్థావరాలకు బయల్దేరారు. ఆయన కార్యక్రమం నిమిషాలతో సహా రేడియోలో పంపారు. అమెరికన్లు 14న దాన్ని చదివేశారు. సమయపాలనలో ఆయన ఎంత పట్టింపు మనిషో వాళ్లకు తెలుసు. 18న, సరిగ్గా టోక్యో దాడి జరిగిన ఏడాదికి, గ్వాడల్‌కెనాల్ నుంచి వచ్చిన 16 అమెరికా ఫైటర్లు బూగన్‌విల్ దీవి మీద ఆయన విమానాన్ని కూల్చాయి. మర్నాడు అడవిలో ఆయన దేహం దొరికింది. వయసు 59.

నెల రోజులు దాచి మే 21న ప్రకటించారు. అస్థికలను ముసాషి మీద టోక్యోకు తెచ్చారు. జూన్ 5న ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తొమ్మిదేళ్ల ముందు అదే తేదీన సుషిమా వీరుడు టోగోకు జరిగాయి.

మిగిలిన లెక్క

యమమోటో పోయాక ఆయన వాదం ఒక్కో ఓడతో రుజువైంది. 1944 అక్టోబరు 24న ఫిలిప్పీన్స్ దగ్గర ముసాషి విమానాల చేతిలో మునిగింది. అదే తరగతిలో మూడోదైన షినానోను మధ్యలో విమానవాహక నౌకగా మార్చారు. దళంలో చేరిన పది రోజులకే ఒక జలాంతర్గామి దాన్ని ముంచింది. 1945 ఏప్రిల్ 7న యమాటో సరైన విమాన రక్షణ లేకుండా ఒకినావా వైపు బయల్దేరి, వందల అమెరికా విమానాల దాడిలో మునిగిపోయింది. మూడు వేలకు పైగా నావికులు దానితో పోయారు. చీమలు పామును చంపాయి.

ఇక్కడి నౌకాదళం ఆ పాఠాన్ని ఓడలు పోగొట్టుకోకుండానే నేర్చుకుంది. స్వతంత్ర భారతం బ్యాటిల్‌షిప్‌ జోలికి పోలేదు. 1961లో విక్రాంత్‌ను తెచ్చుకుంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్ కోసమే విశాఖ దాకా వచ్చి ఆ తీరంలో మునిగిపోయింది. విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులను కొట్టాయి. ఈ రోజు అదే ప్రశ్న విమానవాహక నౌకలను వేధిస్తోంది. 2022లో నల్లసముద్రంలో రష్యా క్రూయిజర్ మాస్క్‌వాను క్షిపణులు ముంచాక, కోట్లు పోసి కట్టే పెద్ద ఓడ ఎంతకాలం నిలుస్తుందని ప్రతి నౌకాదళమూ తనను తాను అడుగుతోంది. జవాబు ఏదైనా కావచ్చు. ఆ ప్రశ్న అడిగేవాణ్ణి ద్రోహి అనకపోవడం ముఖ్యం.

యమమోటోను విషాద వీరుడిగా చూపే పుస్తకాలూ సినిమాలూ ఎన్నో వచ్చాయి. నిద్రపోతున్న బలవంతుణ్ణి లేపామని ఆయన వాపోయినట్టు చెప్పే మాట సినిమాల వల్ల పాకిందే, ఆయన రాతల్లో ఎక్కడా దొరకలేదు. అంత సానుభూతికి ఆయన అర్హుడా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. తెలియక తప్పు చేసినవాళ్లు యుద్ధ చరిత్ర నిండా ఉన్నారు. ఆయనకు అన్నీ తెలుసు. అమెరికా కర్మాగారాల బలం తెలుసు, యమాటో మునుగుతుందని తెలుసు, రెండో ఏడు గడవదని తెలుసు. తెలిసిన నిజాన్ని ఆయన పై వాళ్లకు చెప్పారు, వాళ్లు వినలేదు. అప్పుడు ఆయన ముందున్నవి రెండు దారులు. పదవి వదిలేయడం, లేదా తాను తప్పన్న యుద్ధాన్నే సమర్థంగా నడిపించడం. ఆయన రెండోది ఎంచుకున్నారు. ఆ సమర్థత ధర పెర్ల్ హార్బర్ నావికులు, చైనా పౌరులు, కొలంబో నుంచి కాకినాడ దాకా రేవు కూలీలు, చివరికి యమాటో మీది మూడు వేల మంది జపాన్ కుర్రాళ్లు చెల్లించారు.